పేరు టైటానియం, పరువు అరువు

“టైటానియం వేయించుకోండి, ఇక ఆ పన్ను సంగతి మర్చిపోవచ్చు.” పంటికి క్యాప్ వేయించుకోవాలనుకునే మనిషికి మన వైపు ఈ సలహా ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. కొండపల్లిలోనో ఇబ్రహీంపట్నంలోనో బస్సెక్కి విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల వీధుల్లో దిగేవాళ్లు, డాక్టరు నోరు తెరవమనకముందే ఈ మాట పట్టుకుని వస్తారు. తుప్పు పట్టదు, ఒంటికి సరిపడుతుంది, విమానాల్లో వాడతారు. కాబట్టి బిల్లు మీద ఆ పేరు ఉంటే చాలు, ఎవరు చేసినా ఒకటే. చదువుకున్నవాళ్లూ ఇదే నమ్ముతున్నారు, చెప్పి ఒప్పించాల్సినవాళ్లలోనూ కొందరు ఇదే నమ్ముతున్నారు. బేరమంతా పేరు చుట్టూనే నడుస్తోంది.

లోహం గురించి చెప్పే ఆ మూడు మాటలూ నిజమే. తర్వాత వచ్చే “కాబట్టి” ఉంది చూశారూ, అదే అబద్ధం. తుప్పు పట్టకపోవడం, ఒంటికి పడటం అనేవి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కడ్డీకి ఉన్న గుణాలు. నోట్లో పెట్టేది కడ్డీని కాదు గదా. ఎవరో ఒకరు దాన్ని కరిగించో, కోసో, అరగదీసో, మెరుగుపెట్టో చేసిన గ్రాముకు అటూఇటూగా ఉండే వస్తువును పెడతారు. మధ్యలో జరిగే ఆ పనుల్లో ఒక్కటి చెడినా కడ్డీ గుణాలు వస్తువు దాకా రావు. మనం పేరుకు డబ్బు కడుతున్నాం, పనికి కట్టడం లేదు. దీనివల్ల రోగికి నష్టం, టెక్నీషియన్‌కు నష్టం, చివరికి ఆ లోహానికి కూడా అనవసరంగా చెడ్డపేరు.

అసలు టైటానియం ఈ పరువు ఎక్కడ సంపాదించింది? స్వీడన్‌లో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1952లో రక్తప్రసరణను గమనించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే ఊడి రాలేదు. చుట్టూ ఎముక పెరిగి దాన్ని పట్టేసుకుంది. అక్కడి నుంచి సాగిన పరిశోధనతో 1965లో యోస్టా లార్సన్ అనే రోగి దవడలో టైటానియం ఇంప్లాంట్లు బిగించాడు. ఆయన చనిపోయేదాకా, నలభై ఏళ్లు, అవి పనిచేశాయి. దంతవైద్యంలో టైటానియం మీద పెరిగిన నమ్మకానికి పునాది ఇది. అయితే ఆ స్క్రూలు ఎలా చేశారు? శుద్ధి చేసి కడ్డీగా సాగదీసిన లోహాన్ని లేత్ మీద చెక్కి చేశారు. వాటిని ఏ ల్యాబ్‌లోనూ మళ్లీ కరిగించలేదు, అచ్చులో పోయలేదు. దవడ ఎముకలో దిగిన లేత్ స్క్రూ సంపాదించుకున్న పేరును చిగుళ్ల పక్కన కూర్చునే పోత క్యాప్‌కు తగిలించి అమ్ముతున్నాం. అది అరువు పరువు. ఇంప్లాంట్ల మీద ఎన్ని దశాబ్దాల అనుభవం ఉన్నా, పోత సరిగ్గా కుదిరిందో లేదో అది మనకు చెప్పలేదు.

ఇంకో భ్రమ ఇది అరుదైన లోహమని, ఖరీదంతా అందుకేనని. భూమి పైపొరలో దొరికే మూలకాల్లో టైటానియంది తొమ్మిదో స్థానం. మన శ్రీకాకుళం, భీమిలి తీరాల నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైట్ దాని ఖనిజమే. 1791లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ దాని జాడ పట్టింది కూడా అలాంటి నల్ల ఇసుకలోనే. 1795లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ దానికి పేరు పెట్టాడు. ఇంత విరివిగా దొరికే లోహాన్ని శుద్ధంగా చూడటానికి మాత్రం 1910 దాకా ఆగాల్సి వచ్చింది. పరిశ్రమకు పనికొచ్చే పద్ధతి విలియం క్రోల్ చేతిలో కుదిరేసరికి 1940 వచ్చింది. ఆలస్యానికి కారణం ఒక్కటే. వేడెక్కిన టైటానియం ఆక్సిజన్‌ను వదలదు. దాన్ని క్లోరైడ్‌గా మార్చి, గాలి తగలకుండా మెగ్నీషియంతో చర్య జరిపితేగానీ స్పాంజ్ రూపంలో చేతికి రాదు. హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ ఈ విద్యను ఇక్కడ సాధించింది. ఆ పరిజ్ఞానంతో కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల స్పాంజ్ తీసే కర్మాగారం 2011లో మొదలైంది. అక్కడే కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ మిధానిలో టైటానియాన్ని వ్యాక్యూమ్‌లో, ఆర్క్ వేడితో కరిగిస్తారు. అంటే ఖరీదంతా ఖనిజంలో లేదు, ఆక్సిజన్‌ను దూరంగా ఉంచడానికి పడే పాట్లలో ఉంది. ఫ్యాక్టరీలో ఇంత కష్టపడి దూరం పెట్టిన ఆక్సిజన్, ల్యాబ్‌లో లోహాన్ని మళ్లీ కరిగించిన క్షణంలో తిరిగి వచ్చి చేరుతుంది. పేరు చూసి కొనేవాళ్లు ఆలోచించనిది సరిగ్గా ఈ క్షణం గురించే.

“నికెల్ క్రోమ్ పోసేవాడికి టైటానియం ఓ లెక్కా?” అనే మాట ఈ వృత్తిలో వినిపిస్తూనే ఉంటుంది. లెక్కే. నికెల్ క్రోమ్ మిశ్రమం 1,300 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. బయటి గాలిలోనే కరిగించి, సెంట్రిఫ్యూగల్ మెషిన్‌లో గిర్రున తిప్పి అచ్చులోకి పోయవచ్చు. టైటానియం కరగడానికి 1,668 డిగ్రీలు కావాలి. ఆ వేడి దగ్గర అది గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను, మూసలోని కార్బన్‌ను, తగిలిన ప్రతిదాన్నీ లాక్కుంటుంది. అందుకే ఆర్గాన్ నింపిన గదిలో, ఎలక్ట్రిక్ ఆర్క్‌తో, రాగి మూసలో కరిగించే ప్రత్యేక యంత్రాలు వచ్చాయి. 1980లలో జపాన్‌వాళ్లు వీటి మీద చాలా కృషి చేశారు. యంత్రం కొన్నంత మాత్రాన కథ ముగియదు. టైటానియం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 4.5 గ్రాములు, బంగారానిది 19.3. బంగారం తన బరువుతోనే అచ్చు మూలల్లోకి దిగిపోతుంది. టైటానియాన్ని ఆర్గాన్ ఒత్తిడితోనో, మరింత వేగంగా తిప్పో తోయాలి. తోసేటప్పుడు ఆర్గాన్ బుడగలు లోపలే చిక్కుకుంటే, పైకి నున్నగా కనబడే క్యాప్ లోపల గుల్ల మిగులుతుంది.

తర్వాత అచ్చు. అచ్చు చేసే పదార్థాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అంటారు. మన ల్యాబుల్లో రోజూ వాడే ఫాస్ఫేట్ ఇన్వెస్ట్‌మెంట్‌లో ఎక్కువ పాలు సిలికా. కరిగిన టైటానియం సిలికాలోని ఆక్సిజన్‌ను కూడా వదలదు. అచ్చు గోడను తాకిన చోటల్లా ఆక్సిజన్ లోహంలోకి ఇంకి, గట్టిగా, పెళుసుగా ఒక తొడుగు ఏర్పడుతుంది. ఆల్ఫా కేస్ అంటారు దాన్ని. వాడిన అచ్చు పదార్థాన్ని బట్టి, అచ్చు వేడిని బట్టి పదుల మైక్రాన్ల నుంచి వంద పైచిలుకు దాకా ఉంటుంది. మెగ్నీషియా, జిర్కోనియా లాంటి పదార్థాలతో చేసిన ఇన్వెస్ట్‌మెంట్ వాడితే ఈ తొడుగు పలుచబడుతుంది, ఖర్చు పెరుగుతుంది. అచ్చును చల్లార్చి పోస్తే చర్య తగ్గుతుంది, కానీ లోహం పలుచని అంచుల దాకా పారకముందే గడ్డకడుతుంది. వేడిగా ఉంచి పోస్తే అంచులు నిండుతాయి, తొడుగు దళసరి అవుతుంది. గడ్డకట్టి చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది గనక, అచ్చు అంతకు అంత వ్యాకోచించాలి. అందుకోసం మెగ్నీషియాలో జిర్కోనియం పొడి కలిపి, అది ఆక్సైడ్‌గా మారేటప్పుడు వచ్చే వ్యాకోచాన్ని వాడుకునే ఇన్వెస్ట్‌మెంట్లు కూడా తయారు చేశారు. వీటిలో ఏ నిర్ణయం ఎలా తీసుకున్నారో బిల్లు మీద ఉండదు. ఉండేది టైటానియం అనే మాట ఒక్కటే.

ఇక్కడ కొంచెం చదువుకున్న ప్రత్యర్థి ఒక ప్రశ్న వేస్తాడు. “టైటానియాన్ని కాపాడేది దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొరే కదా? ఆక్సిజన్ పడితే మంచిదే కదా?” అడగాల్సిన ప్రశ్నే. జవాబు లెక్కలో ఉంది. గది వేడి దగ్గర, గాలి తగిలిన మరుక్షణం ఏర్పడే రక్షణ పొర మందం కొన్ని నానోమీటర్లు. ఆల్ఫా కేస్ మందం వంద మైక్రాన్లు అనుకుంటే, ఐదు నానోమీటర్ల రక్షణ పొరకు అది ఇరవై వేల రెట్లు. మొదటిది లోహానికి అంటిపెట్టుకుని, గీసుకుపోయినా తనంతట తాను మళ్లీ ఏర్పడుతుంది. రెండోది లోహంలోకే దిగబడిన పెళుసుదనం. దాని మీద పింగాణి కాలిస్తే పట్టు నిలవదు. కొరుకుడు ఒత్తిడికి అక్కడే సన్నని పగుళ్లు మొదలవుతాయి. పాక్షిక కట్టుడు పళ్ల ఫ్రేమ్‌లో పంటిని పట్టుకునే కొక్కెం వంగి లేచే ప్రతిసారీ ఆ పగుళ్లు లోపలికి పాకుతాయి. రెండింటిలోనూ ఆక్సిజన్ ఉంది గనక రెండూ ఒకటేననడం కుదరదు.

కాబట్టి ఆ తొడుగును తీసేయాలి. ఎలా తీయాలి, ఎంత తీయాలి అనే దగ్గర అసలు చిక్కు వస్తుంది. మెక్‌లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ 1971లో చేసిన పరిశీలన తర్వాత క్యాప్ అంచుకూ పంటికీ మధ్య సందు 120 మైక్రాన్లు మించకూడదన్నది వృత్తిలో కొలబద్దగా నిలిచింది. గీకి పారేయాల్సిన తొడుగూ, ఒప్పుకోదగిన సందూ దాదాపు ఒకే కొలతలో ఉన్నాయి. పోత చక్కగా కూర్చున్నదని సంతోషించి తొడుగు తీయకుండా వదిలేస్తే పెళుసు మిగులుతుంది. తీస్తే, అచ్చుకు ముందు చేసే మైనపు నమూనాలోనే లెక్కగట్టి ఆ మందం ఇవ్వకపోతే, అంచు కురచై సందు పెరుగుతుంది. సందులో సిమెంట్ కరుగుతుంది, తిండి చేరుతుంది, కింద పన్ను పుచ్చుతుంది. రెండేళ్లకు క్యాప్ తీయించుకునే మనిషి “టైటానియం కూడా ఇంతేనా?” అని లోహాన్ని తిడతాడు. ఆయన పంటిని పాడుచేసింది మైనం దగ్గర తప్పిన లెక్క.

ఫినిషింగ్ అంటే మెరుగు పెట్టడం అనుకోవడమే ఈ పొరపాట్లన్నిటికీ తల్లి. ఈ విషయం కొండపల్లివాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరి బొమ్మకు ఆధారమైన తెల్ల పొణికి చెక్క తేలికైనది, మెత్తనిది, ఉలికి లొంగేది. అయినా ఆ చెక్క ముక్క ఇంటికి తెచ్చుకుని కొండపల్లి బొమ్మ కొన్నామని ఎవరూ అనరు. చెక్కలో తడి ఆరాలి. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన మక్కుతో అతకాలి. సుద్ద పూయాలి. ఆ తర్వాతే రంగు. తడి ఆరని చెక్క మీద ఎంత మంచి రంగు వేసినా కొన్నాళ్లకు పగులుతుంది, కొన్న రోజున మాత్రం కనబడదు. భౌగోళిక గుర్తింపు కూడా అడవిలో చెట్టుకు ఇవ్వలేదు, బొమ్మకు ఇచ్చారు. పొణికి దగ్గర ఇంత స్పష్టంగా ఉన్న మనం టైటానియం దగ్గరికి వచ్చేసరికి చెక్కను చూసి బొమ్మ ధర ఎందుకు కడుతున్నాం?

టైటానియం ఫినిషింగ్ చేసేవాడి చేతికి ఎదురయ్యే చిక్కులు వేరు. ఈ లోహం వేడిని త్వరగా మోసుకుపోదు. బంగారంతో పోలిస్తే పదో వంతు కూడా మోయదు. గిర్రున తిరిగి గీకే బర్ అనే పనిముట్టు పెట్టి గట్టిగా నొక్కితే వేడంతా తాకిన చోటే పోగై, అప్పటిదాకా బాగున్న ఉపరితలం కూడా కాలి గట్టిపడుతుంది. లోహపు తునకలు బర్ పళ్లకు అతుక్కుని, కోయాల్సిన బర్ రుద్దడం మొదలుపెడుతుంది. అందుకే పదునైన కార్బైడ్ బర్, తక్కువ వేగం, తేలికైన చెయ్యి, మధ్యమధ్య ఆగడం. నికెల్ క్రోమ్ మీద వాడిన బర్‌ను దీని మీద వాడకూడదు, ఆ లోహపు ముక్కలు ఇందులో ఇరుక్కుంటాయి. పింగాణి పెట్టాలంటే మామూలు పింగాణి పనికిరాదు. వేడికి అది వ్యాకోచించే తీరు టైటానియంతో కలవదు. పైగా 882 డిగ్రీలు దాటితే టైటానియం లోపలి స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది, ఆక్సిజన్ పట్టడమూ జోరందుకుంటుంది. కాబట్టి 800 డిగ్రీల లోపు కాలే ప్రత్యేక పింగాణి కావాలి. గీకిన తర్వాత కొన్ని నిమిషాలు గాలికి వదిలి, రక్షణ పొర కుదురుకోనిచ్చి తర్వాతి పని మొదలుపెట్టాలి. రోజుకు ఇన్ని యూనిట్లు తేల్చాలని నెత్తి మీద కూర్చునే ల్యాబ్‌లో ఆ కొన్ని నిమిషాలే ముందు ఎగిరిపోతాయి.

మెరుపు చూసి మోసపోవద్దని అంటే, మెరుపు అక్కర్లేదని అర్థం చేసుకోకూడదు. ఉపరితలం గరుకుదనం సగటున 0.2 మైక్రాన్ల కంటే ఎక్కువైతే పాచి ఎక్కువగా పట్టుకుంటుందని, అంతకన్నా నునుపు చేసినా అదనపు లాభం పెద్దగా లేదని బోలెన్, క్విరినెన్ బృందం 1990లలో తేల్చింది. ఆ నునుపు వరుసగా వచ్చిన మెట్ల మీద రావాలి, ముతక నుంచి సన్నం దాకా. ఒకేసారి బఫ్ మీద అదిమి తెచ్చిన మెరుపు కింద గీతలూ, కాలిన పొరా దాక్కుని ఉంటాయి. పసుపో, నీలమో ఛాయ కొట్టిందంటే ఆక్సైడ్ పొర దళసరెక్కిందని, పని చేసేటప్పుడు వేడి మీరిందని అనుమానించాలి. కావాలని యానోడైజ్ చేసి రంగు తెప్పించిన భాగాల సంగతి వేరు.

పని చేసే మనిషి ఊపిరితిత్తుల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఇన్వెస్ట్‌మెంట్ దుమ్ములో సిలికా ఉంటుంది. సన్నని టైటానియం పొడి అంటుకుంటే మండుతుంది, నీళ్లు చల్లితే ఆరదు సరికదా ఇంకా విజృంభిస్తుంది. ఆల్ఫా కేస్‌ను ఆమ్లంతో కరిగించే పద్ధతిలో వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం దాటి ఎముక దాకా కాలుస్తుంది. దుమ్ము లాగే యంత్రమూ, పొగ బయటికి పంపే గూడూ లేని గదిలో “మేమూ టైటానియం చేస్తాం” అనడం గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం కాదు, భయపడాల్సిన విషయం.

ఇక ఈ రోజుల్లో గట్టిగా వినిపించే వాదన. “పోత కాలం పోయిందండీ. ఇప్పుడంతా స్కానింగ్, మిల్లింగ్, త్రీడీ ప్రింటింగ్. చేతి పని గురించి ఇంకా ఎందుకు?” ఇందులో సగానికి నేనూ ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీలో తయారైన టైటానియం డిస్క్‌ను మిల్లింగ్ మెషిన్‌లో, పైన కూలెంట్ పోస్తూ కోస్తే లోహం కరగదు, అచ్చు ఉండదు, ఆల్ఫా కేస్ ఉండదు, లోపల బుడగలుండవు. వీలున్న చోట అదే మేలు. బ్రోనెమార్క్ స్క్రూకు దగ్గరి చుట్టం కూడా అదే. కానీ కోసిన వస్తువు మీద టూల్ గీతలు మిగులుతాయి, డిస్క్‌కు అంటుకున్న కాడలు తెంచిన చోట మచ్చలు మిగులుతాయి. వాటిని తీసేది మళ్లీ ఆ బర్, ఆ చెయ్యి. వేడి మీరితే అదే జబ్బు. ప్రింటింగ్‌లో అయితే లేజర్ పొడిని పొరపొరగా కరిగిస్తుంది గనక లోపల బిగువు మిగిలిపోతుంది. ప్రింట్ చేసిన ప్లేటు నుంచి కోసేముందు ఆర్గాన్‌లోనో వ్యాక్యూమ్‌లోనో వేడిచేసి ఆ బిగువు సడలించకపోతే వస్తువు వంకర తిరుగుతుంది. యంత్రం నుంచి బయటికొచ్చిన ఉపరితలం మీద సగం కరిగిన రేణువులుంటాయి. గరుకుదనం మైక్రాన్లలో ఉంటుంది, మనకు కావాల్సింది మైక్రాన్‌లో ఐదో వంతు. ఈ దూరమంతా ఫినిషింగే దాటాలి. యంత్రం తప్పు జరిగే చోటును మార్చింది, ఫినిషింగ్ అవసరాన్ని మాత్రం కొట్టేయలేదు. పేరు నమ్మడం మానేసి యంత్రాన్ని నమ్మడం మొదలుపెడితే మనం ముందుకు వెళ్లినట్టు కాదు.

టైటానియాన్ని అన్ని చోట్లా అగ్రాసనం మీద కూర్చోబెట్టడం కూడా ఈ భ్రమలో భాగమే. వంగకుండా నిలిచే బిగువు దానికి కోబాల్ట్ క్రోమ్‌లో సగం. పాక్షిక కట్టుడు పళ్ల కొక్కేలకు ఈ వంగే గుణం వరం. అదే గుణం పొడవాటి బ్రిడ్జిలో శాపం కావచ్చు. సరిపడా మందం ఇవ్వకపోతే కొరికినప్పుడు ఫ్రేమ్ వంగుతుంది, పైనున్న పింగాణి పెచ్చులూడుతుంది. “టైటానియం” అన్న ఒక్క మాట కింద ఎన్ని రకాలున్నాయో కూడా ఎవరూ చెప్పరు. వాణిజ్య శుద్ధ టైటానియంలోనే నాలుగు గ్రేడులు. ఆక్సిజన్ శాతం మొదటి గ్రేడులో 0.18, నాలుగో గ్రేడులో 0.40 దాకా ఉండొచ్చు. ఆ కొంచెం తేడాకే లొంగుబాటు బలం 170 మెగాపాస్కల్స్ నుంచి 480 దాకా పెరుగుతుంది. అల్యూమినియం, వనేడియం కలిసిన ఐదో గ్రేడు వేరు, వనేడియం బదులు నియోబియం కలిపినది వేరు. ఇన్నిటికీ ఒకే పేరు, ఒకే ధర, ఒకే హామీ ఎలా కుదురుతాయి?

టైటానియం పక్షాన ఉన్న బలమైన వాదన నికెల్ అలర్జీ. దాన్ని కాదనలేం. నికెల్ పడని మనుషులున్నారు. కొన్ని నికెల్ మిశ్రమాల్లో పోత తేలిక కావడానికి కలిపిన బెరిలియం, వాటిని గీకే టెక్నీషియన్ ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే ఐఎస్ఓ 22674 ప్రమాణం బెరిలియాన్ని 0.02 శాతానికి కట్టడి చేసింది. నికెల్ పడని మనిషికి టైటానియం మంచి దారి. అయితే నికెల్ లేని కోబాల్ట్ క్రోమ్ ఉంది, జిర్కోనియా ఉంది. అంచు కుదిరిన కోబాల్ట్ క్రోమ్ క్యాప్, అంచు కుదరని టైటానియం క్యాప్ కన్నా పంటికి వెయ్యి విధాల మేలు. తుప్పు పట్టదన్న మాటకూ హద్దుంది. ఆమ్ల గుణమున్న ఫ్లోరైడ్ జెల్ టైటానియం రక్షణ పొరను తినేస్తుంది. నోట్లో టైటానియం ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. చెప్పాలంటే ముందు వాళ్లకు తెలిసి ఉండాలి కదా.

“ఇదంతా పెద్ద ఊళ్ల ముచ్చట. కొండపల్లిలో ఎవరు అడుగుతారు, ఎవరు ఇస్తారు?” అని చివరిగా కొట్టిపారేస్తారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇదే. డబ్బున్నవాడు చెడిన క్యాప్ పీకించి ఇంకోటి వేయించుకుంటాడు. బొమ్మ చెక్కి బతికేవాడికీ, థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు కూలీకీ రెండోసారి వేయించుకోవడమంటే మళ్లీ కూలి పోగొట్టుకోవడం, మళ్లీ అప్పు. ఈలోగా కింద పన్నే మిగలకపోవచ్చు. మొదటిసారే సరిగ్గా జరగాల్సిన అవసరం అందరికన్నా వీళ్లకే ఎక్కువ. వీళ్లను ప్రశ్న అడగొద్దని చెప్పడం దయ కాదు, దగా.

చేయాల్సిన మార్పులకు కోట్లు అక్కర్లేదు. టైటానియం తేలిక లోహం గనక పంటికి తీసే మామూలు ఎక్స్‌రే దాన్ని దాటి చూడగలదు. పోతలో గుల్లలుంటే నోట్లో పెట్టకముందే బల్ల మీద కనబడతాయి. బంగారంలోనూ కోబాల్ట్ క్రోమ్‌లోనూ ఇంత తేలిగ్గా సాధ్యం కాని పరీక్ష ఇది. ఎక్స్‌రే యంత్రం లేని డెంటల్ క్లినిక్ ఇప్పుడు అరుదు. ఉన్న యంత్రాన్ని ఒక్క నిమిషం వాడటానికి అడ్డం ఏమిటి? విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల లాంటి చోట ల్యాబుల నుంచి వచ్చే పనికి అంచు కొలిచి, ఎక్స్‌రే తీసి మాట చెప్పే చిన్న పరీక్షా కేంద్రం పెడితే డెల్టా అంతటికీ ఒక కొలబద్ద ఏర్పడుతుంది. 1948 దంతవైద్యుల చట్టమే డెంటల్ మెకానిక్ అనే వృత్తిని గుర్తించి రిజిస్ట్రేషన్ కల్పించింది. దాని స్థానంలోకి తేవడానికి 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం చేశారు. చట్టం గుర్తించిన ఆ మనిషి రోగి చేతికొచ్చే కాగితం మీద మాత్రం ఎక్కడా కనబడడు. ల్యాబ్‌కు యూనిట్ లెక్కన ఇచ్చే డబ్బు లోహానికి ఎంత, ఫినిషింగ్‌కు ఎంత అని విడిగా రాస్తే, కొన్ని నిమిషాలు ఆగి పని చేసే చేతికి విలువ కట్టినట్టవుతుంది. ఎంత తొందరగా తేల్చితే అంత లాభమనే పద్ధతిలో మంచి టెక్నీషియన్ కూడా నాసిరకం పని చేస్తాడు, లేకపోతే వృత్తి మానేస్తాడు.

రోగి అడగాల్సినవి నాలుగే. ఇది ఏ గ్రేడు? పోత పోశారా, మిల్లింగ్ చేశారా, ప్రింట్ చేశారా? ఏ ల్యాబ్‌లో ఎవరు ఫినిషింగ్ చేశారు? పోత అయితే ఎక్స్‌రే తీసి చూశారా? సమాధానాలు బిల్లు మీద రాసివ్వమనాలి. రాసివ్వగలిగిన డాక్టరుకు అదనపు ధర అడిగే హక్కుంది, ఇవ్వడం మన బాధ్యత కూడా. రాయలేనప్పుడు ఆ బిల్లు మీద టైటానియం అన్న మాటకు ధర పెంచే శక్తి తప్ప మరే శక్తీ లేదు. అలాంటి క్యాప్ వద్దని చెప్పి, అంచు కుదిరిన మామూలు లోహం క్యాప్ అడిగి వేయించుకోవడం ఎంత మాత్రం చిన్నతనం కాదు. లోహం పేరు చూసి గుడ్డిగా డబ్బు కట్టేవాళ్లు తగ్గిన రోజున ల్యాబులు పనితనం మీద పోటీ పడక తప్పదు. ఆ పోటీ మొదలవ్వాలంటే ముందు కదలాల్సింది ల్యాబ్ కాదు, క్లినిక్ కుర్చీలో కూర్చున్న మనిషి.